ఏ కోర్టు? ఎన్ని రోజులు?

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మనవాళ్ల సామెత. గట్టు తగాదాల్లో, పాలివాళ్ల దావాల్లో తరాల తరబడి నలిగిన కుటుంబాల్లోంచి పుట్టిన మాట అది. అమెరికాలో ఏళ్లతరబడి ఉంటున్నవాళ్లలో కూడా ఆ బెదురు పోదు. కోర్టు పేరున్న కవరు ఇంటికి రాగానే కొందరు దాన్ని సొరుగులో పడేసి చూడనట్టే ఉండిపోతారు. కొందరు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి ‘ఎవరికైనా తెలుసా’ అని అడుగుతారు. మొదటివాళ్లకు గడువు దాటిపోతుంది. రెండోవాళ్ల ఇంటి గుట్టు వందమంది చేతుల్లో పడుతుంది. పైగా సలహా చెప్పేది ఎవరు? ఇంకో రాష్ట్రంలో, ఇంకో కోర్టులో, ఇంకో రకం కేసు నడిచినవాళ్లు.

లాయరు దగ్గరికి వెళ్లక ముందే రెండు ప్రశ్నలకు మీ అంతట మీరు జవాబు చెప్పుకోగలగాలి. ఇది ఏ కోర్టు? నాకు ఎన్ని రోజులున్నాయి? ఈ రెండూ తేలితే లాయరుతో మాట్లాడే మొదటి గంట వృథా పోదు, రాత్రి నిద్రా పాడవదు. ఫెడరల్ కోర్టుల గురించి మిగతా వివరాలన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

రెండు వరసల మెట్లు

మన దేశంలో కోర్టు మెట్లు ఒకే వరసలో ఉంటాయి. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో మొదలైన దావా జిల్లా కోర్టుకు, అక్కణ్నుంచి అమరావతి హైకోర్టుకో హైదరాబాద్ హైకోర్టుకో, చివరికి ఢిల్లీకి వెళ్తుంది. చట్టం పార్లమెంటు చేసినదైనా అసెంబ్లీ చేసినదైనా చూసేది ఆ కోర్టులే. అమెరికాలో మెట్లు రెండు వరసలు. ప్రతి రాష్ట్రానికీ కింది నుంచి పై దాకా సొంత కోర్టులున్నాయి. వాటి పక్కనే, వాటితో కలవకుండా, ఫెడరల్ కోర్టులున్నాయి. రాజ్యాంగం మూడో అధికరణం వీటికి పునాది వేస్తే, 1789 నాటి న్యాయవ్యవస్థ చట్టం నిర్మాణాన్ని మొదలుపెట్టింది. ఈరోజు కింద 94 డిస్ట్రిక్ట్ కోర్టులు, మధ్యలో 13 అప్పీలు కోర్టులు, పైన తొమ్మిదిమంది జడ్జీలతో సుప్రీంకోర్టు ఉన్నాయి.

పేర్లే మొదట తికమక పెడతాయి. టెక్సస్‌లో మీకొచ్చిన కాగితం మీద ‘డిస్ట్రిక్ట్ కోర్ట్, డాలస్ కౌంటీ’ అని ఉంటే అది రాష్ట్ర కోర్టు. ‘యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్ట్, నార్తర్న్ డిస్ట్రిక్ట్ ఆఫ్ టెక్సస్’ అని ఉంటే ఫెడరల్. న్యూయార్క్‌లో ‘సుప్రీంకోర్టు’ అన్నది రాష్ట్రంలో విచారణ మొదలయ్యే కోర్టు. దాన్ని చూసి గుండె జారిపోనక్కర్లేదు. అందుకే ఏ కాగితమైనా ముందు పై వరస చదవండి. ‘యునైటెడ్ స్టేట్స్’ అన్న మాటలు, ఆ తర్వాత జిల్లా పేరు, కేసు నంబరు: ఈ మూడూ ఒక చీటీ మీద రాసుకోండి. జిల్లా సరిహద్దులు కూడా మనం ఊహించినట్టు ఉండవు. ఇర్వింగ్‌లో ఉన్న మీరు నార్తర్న్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తే, కొద్ది మైళ్ల దూరంలో ఫ్రిస్కోలో ఉన్న మీ బావమరిది ఈస్టర్న్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తాడు. జడ్జీలు వేరు, స్థానిక నియమాలు వేరు.

విడాకులు, పిల్లల సంరక్షణ, వీలునామా, ఇంటి అద్దె, ట్రాఫిక్, మామూలు నేరాల్లో అత్యధికం రాష్ట్ర కోర్టులవే. మనవాళ్ల జీవితంలో ఎదురయ్యే కేసుల్లో ఎక్కువ భాగం ఇవే కూడా. విజయవాడలో పుట్టిన జయ బాడిగ 2024లో శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జి అయినప్పుడు తెలుగువాళ్లంతా సంతోషించాం. అది రాష్ట్ర కోర్టు, నియమించింది కాలిఫోర్నియా గవర్నరు. ఫెడరల్ డిస్ట్రిక్ట్ జడ్జిని దేశాధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది. ఆ తర్వాత పదవి జీవితాంతం. జీతం తగ్గించే అధికారం కూడా ఎవరికీ లేదు. తనను కుర్చీలో కూర్చోబెట్టిన అధ్యక్షుడికే వ్యతిరేకంగా తీర్పు రాయగలిగే ధైర్యం ఒక మనిషికి చట్టం ద్వారా ఎలా ఇవ్వవచ్చో ఆలోచించి చేసిన ఏర్పాటు అది. ఈ వ్యవస్థలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే.

ఫెడరల్ కోర్టు అన్నీ వినదు

ఫెడరల్ కోర్టు తనకు అప్పగించిన విషయాలే వింటుంది. అవి ముఖ్యంగా మూడు రకాలు: ఫెడరల్ చట్టం మీద, రాజ్యాంగం మీద ఆధారపడిన వివాదం, అమెరికా ప్రభుత్వమే ఒక పక్షంగా ఉన్న కేసు, వేర్వేరు రాష్ట్రాలవాళ్ల మధ్య, లేదా అమెరికా పౌరుడికీ విదేశీయుడికీ మధ్య, 75,000 డాలర్లకు మించిన తగాదా. దివాలా, పేటెంటు, కాపీరైటు వంటివి ఫెడరల్ కోర్టులకే సొంతం.

ఒక ఉదాహరణ అనుకుందాం. మీరు న్యూజెర్సీలో ఉన్నారు. టెక్సస్‌లో స్థిరపడిన అమెరికా పౌరుడైన మనూరి మనిషి స్థలాల వ్యాపారమని చెప్పి మీ దగ్గర 60,000 డాలర్లు తీసుకుని ఎగ్గొట్టాడు. మీకు జరిగింది పూర్తిగా అన్యాయమే. కానీ అది మామూలు ఒప్పందపు తగాదా అయితే ఫెడరల్ కోర్టు వినదు, ఎందుకంటే మొత్తం 75,000 దాటలేదు. అదే 90,000 అయితే వినొచ్చు. ఇద్దరూ రాజీపడి ‘ఫెడరల్ కోర్టులోనే తేల్చుకుంటాం’ అని సంతకాలు పెట్టినా లేని అధికారం రాదు. ఏడాది విచారణ నడిచాక అధికారం లేదని బయటపడినా జడ్జి కేసు కొట్టేయాల్సిందే. తప్పు కోర్టులో వేసిన మంచి కేసు కన్నా బాధాకరమైనది మరొకటి లేదు. ఆ ఏడాదిలో రాష్ట్ర కోర్టులో గడువు కూడా దాటిపోయే ప్రమాదముంది.

కొన్ని వివాదాలకు కోర్టుకన్నా ముందు ఇంకో ఆఫీసు ఉంటుంది. ఉద్యోగంలో వివక్ష ఎదురైతే నేరుగా కోర్టుకు వెళ్లడం చాలా సందర్భాల్లో కుదరదు. ముందు సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు ఫిర్యాదు చేయాలి. రాష్ట్రాన్నిబట్టి 180 లేదా 300 రోజుల్లోపు చేయాలి. వాళ్లు దావా వేసుకోవచ్చని ఉత్తరం ఇచ్చాక 90 రోజుల్లో కోర్టులో వేయాలి. హెచ్‌1బి జీతం పూర్తిగా ఇవ్వని కన్సల్టెన్సీ మీద ఫిర్యాదు కార్మిక శాఖకు వెళ్తుంది. దానికి 12 నెలలు. ‘ప్రాజెక్టు దొరికాక చూద్దాం’ అని బెంచ్ మీద కూర్చుని ఆ 12 నెలలూ పోగొట్టుకునేవాళ్లున్నారు. అది నిజంగా మనసు కలుక్కుమనే విషయం.

ఒకే సంఘటన, నాలుగు చోట్ల

ఈ వ్యవస్థ ఎలా నడుస్తుందో అర్థం చేసుకోవడానికి ఫార్మింగ్టన్ కేసు కన్నా మంచి పాఠం తెలుగువాళ్లకు దొరకదు. మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’ పేరుతో ఒక బోర్డు వెలిసింది. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. దాన్ని నడిపింది ఇమిగ్రేషన్ అధికారులే. 2019 జనవరిలో ఆ సంగతి బయటపడింది. చేరినవాళ్లలో అత్యధికులు భారతీయ విద్యార్థులు, వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది.

విద్యార్థులను చేర్పించి కమీషన్లు తీసుకున్నారన్న అభియోగం మీద ఎనిమిదిమందిపై క్రిమినల్ కేసు పెట్టారు. అది డెట్రాయిట్‌లోని ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో నడిచింది. చాలామంది నేరం ఒప్పుకున్నారు, జైలు శిక్షలు పడ్డాయి. అక్కడ ముద్దాయికి లాయరు ఖర్చు భరించే శక్తి లేకపోతే ప్రభుత్వమే లాయరును పెడుతుంది.

విద్యార్థుల దారి వేరు. సుమారు 250 మందిని అదుపులోకి తీసుకున్నారు. వాళ్లు వెళ్లింది ఇమిగ్రేషన్ కోర్టుకు. పేరులో కోర్టు ఉన్నా అది మూడో అధికరణం కింది ఫెడరల్ కోర్టు కాదు. న్యాయశాఖలో ఒక విభాగం. అక్కడి జడ్జి అటార్నీ జనరల్ కింద పనిచేసే అధికారి. జీవితకాల పదవి లేదు, జ్యూరీ లేదు, ప్రభుత్వ ఖర్చుతో లాయరు లేడు. అక్కడ ఓడితే ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు; అదీ అదే శాఖలోది. బోర్డు తుది ఉత్తర్వు ఇచ్చిన 30 రోజుల్లోపు ఫెడరల్ అప్పీలు కోర్టుకు వెళ్తేనే స్వతంత్ర జడ్జీల ముందు నిలబడినట్టు. ఈ తేడా తెలియక ‘కోర్టులోనే ఓడిపోయాం, ఇంకెక్కడికెళ్తాం’ అని సంచులు సర్దుకున్న కుటుంబాల గురించి ఆలోచిస్తే ఈ ఒక్క పేరానైనా ప్రతి తెలుగు విద్యార్థీ చదవాలనిపిస్తుంది.

మూడో చోటు ఇంకా ఆసక్తికరం. కట్టిన ఫీజు సంగతేంటి? ఒక విద్యార్థి తనలాంటి మిగతావాళ్ల తరఫున కూడా 2020లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టుకెక్కాడు. ప్రభుత్వం నుంచి డబ్బు రావాలని అడిగే ఒప్పందపు కేసులు వినే ప్రత్యేక కోర్టు అది. చదువు చెప్తామని ఫీజు తీసుకుని చెప్పలేదు కాబట్టి ఒప్పందం తప్పారన్నది అతని వాదన. తనకు వినే అధికారం లేదని ఆ కోర్టు కేసు కొట్టేసింది. అతను నాలుగో చోటుకు, ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టుకు వెళ్లాడు. 2024 జూన్‌లో ఆ కోర్టు కింది తీర్పును పక్కన పెట్టి, ఈ కేసు వినాల్సిందేనని తిప్పి పంపింది. ఫీజు తిరిగివ్వాలని చెప్పలేదు. వినమని మాత్రమే చెప్పింది. నాలుగేళ్లు పోరాడితే దక్కింది లోపలికి వెళ్లే హక్కు. అది తక్కువేం కాదు.

అంతకుముందు న్యూజెర్సీలో ఇలాంటిదే ఇంకో నకిలీ యూనివర్సిటీలో చేరి వీసా హోదా పోగొట్టుకున్న విద్యార్థులు కూడా కోర్టుకెక్కారు. వాళ్ల కేసును డిస్ట్రిక్ట్ కోర్టు కొట్టేస్తే, 2019లో థర్డ్ సర్క్యూట్ అప్పీలు కోర్టు తిరిగి నిలబెట్టింది.

రెండు వరసల మెట్లూ ఒకే మనిషి కోసం తెరుచుకోవడమూ ఉంది. 2017 ఫిబ్రవరిలో కేన్సస్‌లోని ఒలేథాలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరును ‘మా దేశం వదిలి వెళ్లు’ అని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. రాష్ట్ర కోర్టు హత్యానేరానికి జీవిత ఖైదు వేసింది. ఫెడరల్ కోర్టు అదే కాల్పులకు విద్వేష నేరం కింద మళ్లీ జీవిత ఖైదు వేసింది. ఒకే నేరానికి రెండుసార్లు శిక్షేమిటని మనకు అనిపించవచ్చు. రాష్ట్రం, దేశం రెండూ వేర్వేరు సార్వభౌమ శక్తులు, ఎవరి చట్టాన్ని ఉల్లంఘించినందుకు వాళ్లు శిక్షించవచ్చన్నది అక్కడి పాత సూత్రం. సుప్రీంకోర్టు 2019లో దాన్ని మళ్లీ ఖాయం చేసింది.

ఇమిగ్రేషన్ ఆఫీసు కదలకపోతే

పౌరసత్వం ఇంటర్వ్యూ అయిపోయి 120 రోజులు దాటినా నిర్ణయం రాకపోతే, మీ జిల్లాలోని ఫెడరల్ కోర్టుకు వెళ్లే హక్కు చట్టంలోనే రాసి ఉంది. ఏళ్ల తరబడి కదలని ఇతర దరఖాస్తుల మీద కూడా ‘అనుచితమైన ఆలస్యం’ కింద దావా వేయవచ్చు. ఇంత ఆలస్యమైతే అనుచితమని చట్టం ఒక అంకె చెప్పలేదు కాబట్టి ఫలితం జడ్జినిబట్టి, దరఖాస్తునుబట్టి మారుతుంది. కోర్టు మీకు గ్రీన్ కార్డు ఇవ్వదు. నిర్ణయం తీసుకోండని ఆఫీసుకు చెప్తుంది. దావా ఫీజు 405 డాలర్లు, లాయరు ఖర్చు వేరు. ‘ప్రభుత్వం మీద కేసేస్తే పగబడతారేమో’ అన్న మన ఊరి భయం ఇక్కడ అనవసరం. ఆ తలుపు ప్రభుత్వమే పెట్టింది.

అయితే అన్ని తలుపులూ తెరుచుకోవు. మీ అమ్మగారికి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వీసా తిరస్కరిస్తే అమెరికా కోర్టులు దాదాపుగా జోక్యం చేసుకోవు. పౌరురాలైన భార్య తన భర్త వీసా కోసం వేసిన కేసులో కూడా సుప్రీంకోర్టు 2024లో ఆ వైఖరినే గట్టిపరిచింది. అధికారి విచక్షణకు చట్టం వదిలేసిన నిర్ణయాలను కూడా కోర్టులు ముట్టుకోవు. ఇలాంటి కేసుల్లో ‘గ్యారంటీగా గెలిపిస్తా’ అనే లాయరు కనిపిస్తే లేచి వచ్చేయండి.

2025 ఏప్రిల్‌లో జరిగింది గుర్తుంచుకోదగ్గది. దేశవ్యాప్తంగా వేలాది విదేశీ విద్యార్థుల హోదా రికార్డులను ప్రభుత్వం ఉన్నట్టుండి రద్దు చేసింది. వాళ్లలో మనవాళ్లు ఎందరో. విద్యార్థులు వందకు పైగా కేసులు వేశారు. చాలాచోట్ల జడ్జీలు రోజుల వ్యవధిలో తాత్కాలిక నిలుపుదల ఉత్తర్వులిచ్చారు. నెలాఖరుకు ప్రభుత్వం రికార్డులను పునరుద్ధరించడం మొదలుపెట్టింది. ఫెడరల్ కోర్టు నిదానమని అందరూ అంటారు గానీ, ముంచుకొస్తున్న నష్టం చూపిస్తే అంత వేగంగానూ కదలగలదు. కానీ ఆ జూన్‌లోనే సుప్రీంకోర్టు, ఒక జిల్లా జడ్జి ఇచ్చే నిలుపుదల ఉత్తర్వు సాధారణంగా కేసు వేసినవాళ్లకే వర్తించాలని తీర్పు చెప్పింది. ఎవరో కాలిఫోర్నియాలో గెలిచారు కదా అని ఒహాయోలో నిశ్చింతగా కూర్చోలేం. మీరు ఆ కేసులోనో, మీలాంటివాళ్లందరి తరఫున వేసిన క్లాస్ యాక్షన్‌లోనో ఉన్నారో లేదో చూసుకోవాలి.

రోజుల లెక్క

మీ మీద ఫెడరల్ కోర్టులో సివిల్ కేసు వేసి సమన్లు అందించారంటే, మామూలుగా 21 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. అదే ప్రభుత్వానికైతే 60 రోజులు. జవాబివ్వకపోతే మన దగ్గర ఎక్స్‌పార్టీ చేసినట్టే ఇక్కడా అవతలివాళ్లకు అనుకూలంగా తీర్పు వచ్చేయవచ్చు. మీరే కేసు వేస్తే 90 రోజుల్లో అవతలివాళ్లకు సమన్లు అందేలా చూడాలి. శని, ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఆఖరి రోజు సెలవైతే మాత్రం తర్వాతి పనిదినానికి జరుగుతుంది. ఓడిపోతే అప్పీలుకు సివిల్ కేసుల్లో 30 రోజులు, ప్రభుత్వం ఒక పక్షమైతే 60, క్రిమినల్ కేసులో ముద్దాయికి కేవలం 14. ఆ రోజుకల్లా నోటీసు కోర్టు గుమాస్తా ఆఫీసుకు చేరాలి. పోస్టులో వేశానంటే సరిపోదు.

కేసు మొదలైందని తెలిసిన క్షణం నుంచి ఒక్క మెసేజీ కూడా చెరపకండి. ఇరుపక్షాలూ తమ దగ్గరున్న ఈమెయిళ్లు, కాగితాలు, వాట్సాప్ సంభాషణలు ఒకరికొకరు చూపించుకునే దశ ఒకటి వస్తుంది. ఫెడరల్ కేసుల్లో ఎక్కువ కాలం, ఎక్కువ డబ్బు అక్కడే ఖర్చవుతాయి. ఇబ్బందిగా ఉన్న మెసేజీకన్నా చెరిపేసిన మెసేజీ ఎక్కువ హాని చేస్తుంది, కోర్టు దానికి శిక్ష కూడా వేయగలదు. ఈ దశ అయ్యాక చాలా కేసులు రాజీతోనో, విచారణ అక్కర్లేకుండా జడ్జి ఇచ్చే తీర్పుతోనో ముగుస్తాయి. జ్యూరీ ముందుకు వెళ్లేవి కొన్నే.

అప్పీలు అంటే కేసు మళ్లీ మొదటినుంచి నడపడం కాదు. కొత్త సాక్షులు ఉండరు, కొత్త కాగితాలు తీసుకోరు. కింది కోర్టు రికార్డును మాత్రమే ముగ్గురు జడ్జీలు చూస్తారు, చట్టం సరిగ్గా వర్తింపజేశారా అని అడుగుతారు. కాబట్టి చెప్పాల్సిందంతా కిందే చెప్పాలి. ‘సుప్రీంకోర్టు దాకా లాగుతా’ అనే మాట అమెరికాలో ఎవరి చేతిలోనూ లేదు. ఏటా వేల సంఖ్యలో వచ్చే విన్నపాల్లోంచి ఆ కోర్టు వాదనలు వినడానికి ఎంచుకునేవి అరవై, డెబ్బై మాత్రమే. మీ కేసుకు ఆఖరి మాట దాదాపుగా మీ సర్క్యూట్ అప్పీలు కోర్టుదే.

సుప్రీంకోర్టు మాట కూడా ఎప్పుడూ న్యాయంగానే ఉందని చెప్పలేం. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అది భారతీయులు అమెరికా పౌరులయ్యే వీల్లేదని తేల్చింది. ఆ రోజుల్లోనే అమెరికాలో అడుగుపెట్టిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఆ దేశానికి ప్రాణాలు నిలిపే మందులు చేసిపెట్టి, పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశారు. ఆ అడ్డు తొలగింది కోర్టులో కాదు. 1946లో కాంగ్రెస్ చట్టం మార్చాకే భారతీయులకు పౌరసత్వపు దారి తెరుచుకుంది. కోర్టు చట్టాన్ని చదువుతుంది, దాన్ని మార్చాలంటే వెళ్లాల్సిన చోటు వేరే.

జ్యూరీ కవరు

ఫెడరల్ కోర్టు నుంచి మనవాళ్లకు ఎక్కువగా వచ్చేది దావా కాదు, జ్యూరీ ప్రశ్నావళి. జ్యూరీలో కూర్చోవడానికి అమెరికా పౌరులే అర్హులు. జాబితాలను ఓటర్ల పేర్లతో పాటు కొన్నిచోట్ల డ్రైవింగ్ లైసెన్సుల నుంచి కూడా తయారు చేస్తారు కాబట్టి గ్రీన్ కార్డువాళ్లకూ, హెచ్‌1బివాళ్లకూ కూడా పొరపాటున వస్తుంది. దాన్ని పారేయకండి. పౌరుడినా అన్న ప్రశ్నకు ‘కాదు’ అని గుర్తు పెట్టి సంతకం చేసి పంపండి, ఒక ప్రతి దాచుకోండి. తొందరలో ‘అవును’ అని పెడితే పౌరుడినని అబద్ధం చెప్పినట్టవుతుంది; ఇమిగ్రేషన్ చట్టంలో అంతకన్నా ప్రమాదకరమైన గీత ఇంకోటి వెతకడం కష్టం. పౌరులైతే మాత్రం తప్పించుకునే దారులు వెతకకండి. క్రిమినల్ కేసులో పన్నెండుమందీ ఒక్కమాట మీదికి రావాలి. ఆ పన్నెండుమందిలో ఒకరు మన యాస అర్థమయ్యేవాళ్లు, మన ఇళ్ల సంగతి తెలిసినవాళ్లు ఉండడం బోనులో నిలబడ్డ మనిషికి ఎంత అవసరమో ఊహించుకోండి.

జ్యూరీకి రాలేదు కాబట్టి వారంటు వచ్చింది, ఇప్పుడే డబ్బు కట్టకపోతే అరెస్టు చేస్తామని ఫోనొస్తే అది మోసం. ఫెడరల్ కోర్టు ఫోన్లో డబ్బడగదు, గిఫ్ట్ కార్డులసలే అడగదు. ఫోను పెట్టేసి, కోర్టు గుమాస్తా ఆఫీసు నంబరు మీరే వెతికి అడగండి. మీ పేరు మీద కేసు ఉందో లేదో పేసర్ అనే ఆన్‌లైన్ రికార్డులో కూడా చూసుకోవచ్చు. పేజీకి పది సెంట్లు. మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే ఆ బిల్లూ కట్టక్కర్లేదు. కేసు నంబరు దొరికాక ఆ పక్కన జడ్జి పేరు, తర్వాతి వాయిదా తేదీ రాసుకోండి. లాయరుకు ఫోన్ చేసేటప్పుడు వాళ్లు మొదట అడిగేవి అవే.